నిద్రకు ముద్ర వేసిన చైనా కలెక్టరు

మా సైటులో తెలుగువాళ్ళందరూ ఆయన్ని కలెక్టరు గారు అనేవాళ్ళు. నిజానికి ఆయన కలెక్టరు కాడు. చైనాలో మన రాష్ట్రంలాంటి ఒక ప్రాంతం ఉందనుకోండి, ఆ ప్రాంత ప్రభుత్వంలో కట్టుబడి పనుల శాఖకి పైనుంచి రెండో కుర్చీ ఆయనది. ఈ సంగతి ఆయన దుబాసీ నాకు పది నిమిషాలు వివరించాడు. నేను మావాళ్ళకి అర నిమిషంలో తేల్చేశాను. పరంజా గ్యాంగు పెద్ద, మేమందరం జగిత్యాల అన్న అని పిలిచే ఆయన, అంతా విని "గంత పెద్ద సారంటే మరి కలెక్టరే గదా!" అన్నాడు. అంతే. చైనాలో ఎవరూ ఇవ్వని ఆ ఉద్యోగం ఆయనకి ఖతర్‌లోని మెసయీద్‌లో ఖాయమైపోయింది. తర్వాత ఆయనకి పోకుండా మిగిలింది కూడా ఆ ఒక్క ఉద్యోగమే.

ఇది తొంభైల నడిమి మాట. నేను అక్కడ ఒక కట్టుబడి కంపెనీలో టైమ్ కీపర్ని. పేరు చూసి మోసపోకండి. టైమును ఉంచుకునే శక్తి నాకు ఏనాడూ లేదు, ఎవరిది ఎంత పోయిందో రాసిపెట్టడమే నా పని. అంతకుముందు ఒంగోలు వైపు ఒక మండలాఫీసులో రోజుకూలీ మీద టైపిస్టుగా ఉన్నాను. అక్కడ నేను నేర్చుకున్న విద్య ఒక్కటే: గుండ్రని ముద్ర పడని కాయితం కాయితం కాదు. ఆ విద్యే చివరికి ఒక మంచి మనిషి కుర్చీ కిందికి నీళ్ళు తెచ్చింది. ఎలాగో చెబుతాను.

మా కంపెనీ ఒక ఫ్యాక్టరీ విస్తరణ పని పట్టింది. అందులో పునాదుల కాంక్రీటు పని ఆ చైనా ప్రాంతం వారి ప్రభుత్వ కంపెనీకి ఇచ్చారు. వాళ్ళ మనుషులు వాళ్ళే, వంటవాళ్ళు వాళ్ళే, పెద్దగా వచ్చినవాడు మన కలెక్టరు గారు. ఆయనకి ఇంగ్లీషులో వచ్చినవి రెండే మాటలు, ఓకే, నో ఓకే. మిగతా ప్రపంచమంతా దుబాసీ నోట్లోంచి రావాల్సిందే. మా ఊళ్ళ జనానికి ఖతర్ అయినా కువైట్ అయినా అంతా దుబాయే కాబట్టి, దుబాయ్‌లో దుబాసీ ఉండటం మావాళ్ళకి వింతగా తోచలేదు. అతను ముప్ఫయ్యేళ్ళ బక్కపలచటి మనిషి. ఇంగ్లీషంతా పాత పుస్తకాల్లోంచి నేర్చుకున్నాడు. అందుకే అతని మాటల్ని ఇక్కడ గ్రాంథికంలోకి దింపుతున్నాను. తప్పు అతనిదీ కాదు, నాదీ కాదు, ఆ పుస్తకాలది.

చైనావాళ్ళకొక అలవాటుంది. మధ్యాహ్నం అన్నం తినగానే పడుకుంటారు. అట్టముక్క పరుచుకుని, చెప్పులు తలకింద పెట్టుకుని, మనం ఒక ఆవులింత పూర్తిచేసేలోగా నిద్రలోకి వెళ్ళిపోతారు. వాళ్ళ దేశంలో ఆఫీసుల్లోనూ అంతేనట. ఎండాకాలం రాగానే కలెక్టరు గారు ఆ నిద్రని ఇంకా సాగదీశారు. తెల్లవారుజామున నాలుగున్నరకి పని మొదలు, పదకొండున్నరకి ఆపడం, మూడింటిదాకా నిద్ర, మళ్ళీ ఆరున్నరదాకా పని. వాళ్ళ కాంట్రాక్టులో పనివేళలు వాళ్ళిష్టం. మాకు మాత్రం ఆరు నుంచి అయిదు, మధ్యలో అన్నానికి గంట. జూలైలో ఒంటిగంటకి ఇనుప గొట్టం పట్టుకుంటే చేతిలో తోలు దానికి అంటుకుంటుంది. మావాళ్ళు పాత గుడ్డలు చుట్టుకుని పట్టుకునేవాళ్ళు.

కలెక్టరు గారు నిద్రని తనిఖీ చేసేవారు. నేను మండలాఫీసులో ఎన్నో తనిఖీలు చూశాను. అధికారి రాగానే నిద్రపోతున్నవాళ్ళు లేచి కూర్చోవడం తెలుసు. మెలకువగా ఉన్నవాళ్ళు గబగబా పడుకోవడం మాత్రం అక్కడే చూశాను. పేకాడుతూ దొరికినవాడి చేతిలో ముక్కలు లాక్కుని జేబులో వేసుకునేవారు. అందరూ పడుకున్నాక తను డ్రాయింగులు పరిచే బల్ల కింద దూరి, బూట్లు వరసగా బయటపెట్టి పడుకునేవారు. ఆయన గదిలో మంచముంది. ఏసీ కూడా ఉంది. పనివాళ్ళు నేల మీదున్నంతసేపూ మంచం ఎక్కకూడదని ఆయన పట్టుదల.

మావాళ్ళు పరంజా మీద నుంచి ఇదంతా చూసేవాళ్ళు.

"సారూ, వాళ్ళకు నిద్రకు గూడ జీతమేనా?" అని జగిత్యాల అన్న అడిగాడు.

"జీతం కాదన్నా, వాళ్ళు పొద్దున్నే మొదలుపెడతారుగా."

"మరి మేం గూడ పొద్దుగాల్నే జేస్తం. వద్దన్నదెవరు?"

"మేనేజరు."

"గా మేనేజర్ను ఒకపారి ఎండల పండుకోబెట్టుండ్రి. తెలుస్తది."

ఆయనలో లోపాలు లేకపోలేదు. తల నల్లగా ఉండాలని రంగు వేసుకునేవారు. ఎండకి అది చెవుల పక్కన నల్లగా కారేది. చదరంగంలాంటి వాళ్ళ ఆటలో ఓడిపోయేటట్టుంటే ఎత్తు వెనక్కి తీసుకునేవారు, అడిగితే వినబడనట్టు ఉండేవారు. ఉపన్యాసం మొదలుపెడితే దుబాసీ గొంతు బొంగురుపోవాల్సిందే. కానీ కాంక్రీటు వస్తే చొక్కా చేతులు మడిచి, వేళ్ళ మధ్య రుద్ది చూసి, ఓకే అనో నో ఓకే అనో చెప్పేవారు. నో ఓకే అన్న లారీ వెనక్కి పోవలసిందే. మా ఇంజనీర్లు దాన్ని లేబరేటరీకి పంపితే రెండు రోజుల తర్వాత అదే మాట వచ్చేది.

ఆయన కథ నాకు దోహాలో తెలిసింది. శుక్రవారాల్లో కంపెనీ బస్సు మమ్మల్ని దోహాకి తీసుకెళ్ళేది. మావాళ్ళలో సగం మంది ఉమ్ ఘువైలినాలో తెలిసినవాళ్ళ గదులకి చేరేవాళ్ళు. నాకు అక్కడ చుట్టాలు లేరు కాబట్టి అల్ ముంతజాలో ఒక మలయాళీ హోటల్లో టీ గ్లాసుతో చుట్టరికం కలుపుకునేవాణ్ణి. ఒక శుక్రవారం కలెక్టరు గారూ దుబాసీ మా బస్సెక్కారు. సొంత పికప్ ఉన్న మనిషి లేబర్ బస్సెందుకెక్కాడో ఎవరికీ అర్థం కాలేదు. డ్రైవర్‌కి ఆ రోజు సెలవిచ్చారని తర్వాత తెలిసింది. దిగాక నేనెటు పోతే వాళ్ళూ అటే వచ్చారు. అలా ముగ్గురం ఒకే బల్ల దగ్గర కూర్చున్నాం.

ఇటుకల బట్టీలో ఇటుకలు మోయడంతో మొదలైందట ఆయన జీవితం. తర్వాత ఒక చిన్న ఊరి పనుల శాఖలో మేస్త్రీలాంటి ఉద్యోగం. ఒక సంవత్సరం అక్కడి ఏటికి వరదొచ్చింది. గట్టు నిలవదు, అందరూ వచ్చేయండని పైవాళ్ళు కబురంపారు. ఈయన రాలేదు. మూడు రోజులు ఇసక బస్తాలు వేయిస్తూ, తనూ వేస్తూ గట్టు మీదే ఉండిపోయాడు. గట్టు నిలిచింది. దాంతో పైవాళ్ళ కళ్ళలో పడ్డాడు. అక్కడి నుంచి జిల్లాకి, జిల్లా నుంచి ప్రాంత రాజధానికి. ప్రతి మెట్టు మీదా కిటికీ పెద్దదవుతూ వచ్చింది, కిటికీలోంచి కనిపించే పని చిన్నదవుతూ వచ్చింది. ఇది ఆయన మాటే. దుబాసీ దాన్ని తర్జుమా చేసి, బాగుందా అన్నట్టు నా వైపు చూశాడు.

రెండో కుర్చీ దాకా వచ్చాక ఒక వంతెన అడ్డొచ్చింది. ఎవరో చాలా పెద్దాయన ప్రారంభించడానికి వస్తున్నాడు. చివరి స్లాబు పోసి వారమైంది. వంతెన సిద్ధం అన్న కాయితం మీద ఈయన ముద్ర వెయ్యాలి. వెయ్యనన్నారు. కాంక్రీటుకి పెద్దమనుషుల డైరీ తెలియదు, అది గట్టిపడే రోజుకే గట్టిపడుతుందన్నారట. ప్రారంభం వాయిదా పడింది. వంతెన ఇవాళ్టికీ ఉంది. అందరూ ఆయన్ని మెచ్చుకుని, పూలగుత్తి ఇచ్చి, ఖతర్‌కి పంపేశారు.

కలెక్టరు గారు చేతులు కడుక్కోవడానికి లేచినప్పుడు దుబాసీ గొంతు తగ్గించి తన సొంతంగా ఒక మాట చేర్చాడు.

"రెండు వేసవులు మాత్రమే. ఒక్క ఫిర్యాదైనను లేకుండ ఈ పని ముగిసినచో శాఖలో మొదటి కుర్చీ ఆయనది. ఫిర్యాదు పోయినచో ఏ కుర్చీయు లేదు. వయసు చూడుడు, ఇదియే కడపటి అవకాశము."

ఒక వేసవి అయిపోయింది. రెండోది అప్పుడే మొదలవుతోంది.

ఆయన తిరిగొచ్చాక, ఉన్న కుర్చీ బాగానే ఉంది కదా, మొదటిది ఎందుకండీ అని అడిగాను. నాకు కుర్చీ అంటే కూర్చోవడానికేనన్న భావం ఉండేది. ఆయన పంచదార పలుకుల్ని బల్ల మీద పొడుగ్గా గీతలా పోసి, వేలితో ఒక చోట తుడిచేశారు. గట్టు తెగాక రిపేరుకి ఆర్డరు రాస్తారు మా దగ్గర, తెగకముందు రాయాలి, ఆ ఒక్క ఆర్డరు రెండో కుర్చీలోంచి రాయడం కుదరదు, అన్నారు. హోటలతను వచ్చి పంచదార పాడుచేసినందుకు నన్ను కోప్పడ్డాడు. ఆయన్నేమీ అనలేదు.

జూలై నడిమిలో, ఒంటిగంట వేళ, జగిత్యాల అన్న పరంజా దిగుతూ చివరి మూడు మెట్లూ మెట్లలా కాక బస్తాలా దిగాడు. ఒళ్ళు కాలిపోతోంది, చెమట లేదు, ఏదో సగం సగం మాట్లాడుతున్నాడు. వడదెబ్బ. దగ్గరలో నీడంటే చైనావాళ్ళ షెడ్డే. అక్కడికి మోసుకెళ్ళాం. కలెక్టరు గారు బల్ల కింద నుంచి వట్టి కాళ్ళతో వచ్చి, చొక్కా విప్పించి, తడి తువ్వాళ్ళు మెడకీ చంకలకీ చుట్టించారు. కాస్త తెలివొచ్చాక, వాళ్ళు ఎండాకాలమంతా డ్రమ్ములో ఉంచుకునే నీళ్ళని చెంచాతో కొంచెం కొంచెంగా తాగించారు. పెసలు కాచి చల్లార్చిన నీళ్ళవి.

అన్న కళ్ళు తెరిచి పెదాలు చప్పరించి, "గిదేంది సారూ, పెసరుకట్టా?" అన్నాడు.

"అదే అన్నా."

"మా అవ్వ ఉప్పేసేది. వీళ్ళు ఎయ్యలేదు" అని మళ్ళీ పడుకున్నాడు.

కంపెనీ అంబులెన్సులో వచ్చిన కాంపౌండరు నాడి చూసి, గండం గడిచింది, చల్లగా పడుకోనివ్వండి అని చెప్పి వెళ్ళాడు. కలెక్టరు గారు దుబాసీతో సహా నన్ను పక్కకి పిలిచారు.

"మీ మనుషులు ఎందుకు పడుకోరు?"

"మేనేజరు ఒప్పుకోడండీ."

"మేనేజరుకి కావలసింది పనా, ఎండా?"

జవాబు లేనప్పుడు నేను కాయితాల్లో వెతుకుతాను, అది నా జబ్బు. ఈసారి దొరికింది. మా సైటులో ఒక గ్యాంగుని ఇంకో సెక్షనుకి పంపాలంటే మేనేజరు దాకా పోనక్కర్లేదు. నేను బదిలీ చీటీ రాస్తాను, పుచ్చుకునేవాళ్ళు సంతకం చేస్తారు. ఎవరి దగ్గర పనిచేస్తే వాళ్ళ పనివేళలే ఆ మనిషివి. పరంజా గ్యాంగుని సెప్టెంబరు ఆఖరుదాకా చైనా సెక్షనుకి బదిలీ చేస్తే? అదే పరంజా, అదే పని. మారేదల్లా పడుకునే హక్కు.

చెప్పగానే ఆయన "ఓకే" అన్నారు. దుబాసీ తర్జుమా పూర్తిచెయ్యకముందే అన్నారు. కలం తీసి సంతకం పెట్టబోయారు. అప్పుడు నాలోని మండలాఫీసు మేలుకుంది.

"సంతకం సరేనండీ. సీలు?"

దుబాసీ నిటారుగా అయిపోయాడు. "అయ్యా, ఆ ముద్ర ఈ సైటుది కాదు. అది మా ప్రాంతము. సంతకమనగా ఒక మనిషి. ముద్రయనగా ప్రభుత్వము. ఈ చీటీకి సంతకము చాలును."

నిజంగానే చాలు. మా చీటీలో సీలుకి చోటు కూడా లేదు. అయినా నేను వదల్లేదు. రేపెవడైనా అడిగితే సంతకం ఎవరిదని అంటాడు, సీలు చూస్తే నోరెత్తడు, అన్నాను. నా అనుభవమంతా రంగరించి చెప్పాను. ఆయన నన్ను చూశారు, అట్టముక్క మీద గురకపెడుతున్న అన్నని చూశారు. నవ్వి, సొరుగులోంచి చెక్కపెట్టె తీశారు. ఎర్రటి సిరా ముద్దలో అద్ది, రెండు చేతులతో అదిమి తీశారు. గుండ్రంగా, అంచు చెదరకుండా, నడుమ నక్షత్రంతో ఎంత బాగా పడిందో! మా మండలాఫీసు ముద్రలో "మం" అరిగిపోయి మేమంతా డలాఫీసు ఉద్యోగులుగా ఉండేవాళ్ళం. ఇలాంటి ముద్ర కింద పనిచెయ్యాలని ఆ క్షణంలో నాకు ఆశపుట్టింది.

ముందు పరంజా గ్యాంగు. వారం తర్వాత కడ్డీలు కట్టేవాళ్ళు. ఆ తర్వాత తాపీవాళ్ళు. ప్రతి మనిషికీ ఒక చీటీ, ప్రతి చీటీకీ ఒక ముద్ర. నేను నిద్ర కోసం ముద్ర వేయించాను, ముద్ర ఉందని మావాళ్ళు నిద్రపోయారు. చీటీని ప్లాస్టిక్ కాయితంలో చుట్టి చొక్కా జేబులో పెట్టుకునేవాళ్ళు. చివరి చీటీ ఎవరిదో చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఎండలో నిలబడే పని ఒక్కరోజూ చెయ్యనివాణ్ణి, నా బదిలీ నేనే రాసుకున్నాను. ఆయన దానికీ ముద్ర వేశారు, నవ్వకుండా.

ఆ నెల మా సైటులో ఎవరూ పడిపోలేదు. పరంజా పని వారం ముందుకి జరిగింది. మధ్యాహ్నాలు ఏసీ గది దాటని మేనేజరు అదంతా తన కేకల ప్రభావమే అనుకుని ఇంకాస్త గట్టిగా కేకలేశాడు. తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు జగిత్యాల అన్న పరంజా పైనుంచి పాటలు పాడేవాడు. కింద చైనావాళ్ళు తాళం వేసేవాళ్ళు. ఆ పాటల్లో ఏముందో వాళ్ళకి తెలియకపోవడమే మంచిదైంది, సగం పాటలు మేనేజరు మీదే.

ఆగస్టు సగం దాటాక మేనేజరు ఫ్యాక్టరీ పెద్దల్ని వెంటబెట్టుకుని సరిగ్గా ఒంటిగంటకి వచ్చాడు. సైటు సగం వరసగా పడుకునుంది. "యల్లా! యల్లా!" అని అరిచాడు, పదండి పదండి అని. చైనావాళ్ళు కదల్లేదు. జగిత్యాల అన్న మాత్రం మర్యాదగా మోచేతి మీద లేచి, జేబులోంచి చీటీ తీసి, "పేపర్ ఉంది సార్. మాఫీ ముష్కిల్" అని, ఇబ్బందేమీ లేదన్న మాట అరబ్బీలో కూడా చెప్పి, చూపించి మళ్ళీ పడుకున్నాడు.

మేనేజరు నన్ను పిలిచాడు. చీటీని నాలుగు వైపులా తిప్పి చూశాడు. "ఇదెవరి సీలు?"

ఇక్కడ నేను తల దించుకుని, చైనా సెక్షనుదండీ అంటే సరిపోయేది. అక్కడ వట్టి సంతకం ఉండి ఉంటే మేనేజరు చీటీ చింపి, నన్ను నాలుగు తిట్టి, పెద్దల్ని టీకి తీసుకెళ్ళేవాడు. కానీ ముద్ర ఉంది. దాని మీద నాకు గర్వం కూడా ఉంది.

"చైనా ప్రభుత్వానిదండీ" అన్నాను.

మేనేజరు ఇక నన్ను తిట్టలేదు. ప్రభుత్వం ముద్ర కాబట్టి ప్రభుత్వానికే రాశాడు. చీటీలకి జిరాక్సులు తీయించి, మా మనుషుల మీద మీ అధికారమేమిటని ఆ ప్రాంత రాజధానికి ఫ్యాక్స్ కొట్టాడు. రెండు వేసవుల్లో పోయిన మొదటి ఫిర్యాదు అది. రాసింది మేనేజరు, రాయించింది నేను.

పదిరోజుల్లో చైనా నుంచి విచారణకి ఇద్దరొచ్చారు, ఒక పెద్దాయన, ఒక కుర్ర అధికారి. విచారణకి ముందురోజు సాయంత్రం దుబాసీ నా కేబిన్‌కి వచ్చి తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"వారు అడుగబోవు ప్రశ్న ఇది. పరాయి దేశపు కూలీలకై ప్రభుత్వ ముద్ర ఎందుకు పడినది? అందుకు ప్రతిగా ఏమి పుచ్చుకొనెను? మార్గమొకటి కలదు. సొరుగునకు తాళము లేదు. టైమ్ కీపరు తనకు తెలియకుండ ముద్ర వేసికొనెనని ఆయన చెప్పినచో ఆయన కుర్చీ ఆయనకుండును."

"మరి నేను?"

"మీరు మొదటి విమానమున ఇంటికి పోవుదురు."

"ఆయన అలా చెబుతానన్నాడా?"

"ఆయన చెప్పడు. మీరు చెప్పవలెను."

ఆలోచిస్తానన్నాను. నిజంగానే ఆలోచించాను. ఆ కుర్చీలోంచి ఆయన రాయాల్సిన ఆర్డరు గుర్తొచ్చింది. ఖతర్ వీసా కోసం నేను పెట్టిన మొక్కులూ గుర్తొచ్చాయి. రెండూ పక్కపక్కన పెట్టి చూసుకున్నాను. ఏం తేల్చానో మర్నాడు విచారణ గదిలో కూర్చునేదాకా నాకూ తెలియలేదు.

బల్ల నిండా మా చీటీలు పరిచారు. అన్ని ఎర్రటి ముద్రలు ఒక్కచోట చూస్తే పెళ్ళిపత్రికల దుకాణంలా ఉంది. కలెక్టరు గారు ఒక పక్కన, మూతపెట్టిన టీ కప్పు ముందు కూర్చున్నారు. పెద్దాయన అడిగాడు, దుబాసీ నాకు చెప్పాడు. ఈ చీటీలు రాసింది మీరేనా? నేనే. ముద్ర కావాలన్నదెవరు? నేనే, ఆయన సంతకమే పెడతానన్నారు, అన్నాను. అక్కడిదాకా నా గొంతు బాగానే ఉంది. సొరుగులోంచి తీసి ముద్ర వేసింది కూడా మీరేనా?

దుబాసీ ఆ ప్రశ్న చాలా నెమ్మదిగా చెప్పాడు. కళ్ళద్దాల వెనక నుంచి నన్నే చూస్తున్నాడు. అవును అంటే ఆయన కుర్చీ ఉంటుంది, కాదు అంటే నా ఉద్యోగం ఉంటుంది. నేను అవుననలేదు, కాదనలేదు. ఎదురుగా ఉన్న చీటీల్లో నా పేరున్న చీటీ ఏదో వెతుక్కుంటూ కూర్చున్నాను.

కలెక్టరు గారు తర్జుమా కోసం ఆగలేదు. నా మౌనం ఏ భాషలో ఉందో ఆయనకి అర్థమైనట్టుంది. రెండు చేతులూ బల్ల మీద పెట్టి మాట్లాడారు. ఉపన్యాసం కాదు, నాలుగే మాటలు. కుర్ర అధికారి రాసుకుంటున్న కలం ఆపాడు. పెద్దాయన ఏదో అడిగాడు, దానికీ ఒక్క మాటలో జవాబొచ్చింది. ఆ తర్వాత నన్ను పొమ్మన్నారు.

ఏమన్నారో సాయంత్రం దుబాసీ చెప్పాడు.

"చేయి నాదే యనెను. తాళములేని సొరుగునందు ప్రభుత్వ ముద్రను ఉంచి గుమాస్తా చేతికి పోనిచ్చితినని వ్రాసినచో నేను ముద్రను కాపాడలేనివాడను. తెలిసి వేసితినని వ్రాసినచో కాపాడినవాడను. రెండవది వ్రాయుడు, అనెను."

"మరి ప్రతిగా ఏం పుచ్చుకున్నావని అడిగారా?"

"అడిగిరి. పని, అనెను."

అక్కడ ముద్ర వెయ్యనన్నందుకు ఇక్కడికి వచ్చాడు, ఇక్కడ ముద్ర వేసినందుకు అక్కడికి పోతున్నాడు. నేను ఇంతకాలం ముద్రల మధ్య బతికి, ఏది వెయ్యాలో ఏది వెయ్యకూడదో తనకి తానే తేల్చుకునే అధికారిని ఆ ఒక్కణ్ణే చూశాను. ఆ మాట ఆయనకి చెప్పాలని వెళ్ళాను. క్షమించమని కూడా అడగాలనుకున్నాను. ఆయన చదరంగం బల్ల ముందు పెట్టి కూర్చోమన్నారు. ఆట నాకు రాదు. ఏదో ఒక పావు జరిపాను. తప్పు ఎత్తని చెప్పి, నా పావుని ఆయనే వెనక్కి పెట్టి, మళ్ళీ ఆడమన్నారు.

పదవి తీసేశారు. కుర్ర అధికారిని ఇక్కడే ఉంచి పనులు అప్పజెప్పారు. మొదటి కుర్చీ ఇంకెవరికో పోయిందనీ, ఈయన్ని ఏదో చిన్న ఊళ్ళో ఇసకా కంకరా నిలవచేసే యార్డు చూసుకొమ్మన్నారనీ చాలా నెలల తర్వాత దుబాసీ ద్వారా విన్నాను. ఆ యార్డు ఏటిగట్టు పక్కనేనట. వరదకి ముందే బస్తాలు నింపిస్తున్నాడనీ, ఎవరూ ఆర్డరివ్వలేదనీ చెప్పాడు. నిజమో, నన్ను ఓదార్చడానికి అన్నాడో తెలియదు.

చీటీల సంగతి మాత్రం చిత్రంగా తేలింది. వాటిని రద్దు చెయ్యమని మా మేనేజరు కొత్త అధికారిని అడిగాడు. ముద్ర వేసి ఇచ్చిన బదిలీని రద్దు చెయ్యాలంటే మళ్ళీ అదే ముద్ర వెయ్యాలి. ఆ ముద్ర వల్ల ఒక మనిషి ఏమయ్యాడో కళ్ళారా చూసినవాడు, దాన్ని పెట్టెలోంచి తీస్తాడా? తాళం వేసి, తాళంచెవి మెడలో వేసుకున్నాడు. చీటీలు సెప్టెంబరు ఆఖరుదాకా చెల్లాయి.

ఆయన వెళ్ళేరోజు కారు మధ్యాహ్నం పన్నెండింటికి రమ్మన్నారు. విమానం ఎప్పుడో రాత్రికి. అంత ముందెందుకని దుబాసీని అడిగితే, ఇంకో వేళయితే అందరూ పని ఆపి వరసగా నిలబడతారు, అది ఆయనకిష్టం లేదన్నాడు. నిద్రపోయేవాళ్ళని ఎవరూ లేపకూడదని చెప్పారట. మేలుకుని ఉన్నది నేనూ, జగిత్యాల అన్నా. అన్న పెట్టెని డిక్కీలో పెట్టి, "పోయిరండి సార్, పైలం" అన్నాడు. తర్జుమా చెయ్యడానికి దుబాసీ నోరు తెరిచాడు. ఆయన అక్కర్లేదన్నట్టు చెయ్యి ఊపి, అన్న భుజం మీద తట్టారు. నా దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకున్నారు. ఇటుకలు మోసిన చెయ్యి అని తెలిసేటంత గరుకుగా ఉంది. తర్వాత షెడ్డు వైపు చూపించి, తల ఒక పక్కకి వాల్చి కళ్ళు మూసి చూపించారు. మీరు కూడా వెళ్ళి పడుకోండి అని.

కారు గేటు దాటాక మేమిద్దరం షెడ్డులోకి వచ్చాం. వరసలో మా చోట్లు ఖాళీగా ఉన్నాయి. ఆ రోజు నాకు నిద్రపట్టలేదని రాస్తే ఎంతో బాగుంటుంది. కాసేపు కళ్ళు తెరుచుకుని పడుకున్నాను కూడా. పక్కన అన్న అటు తిరిగి ముక్కు చీదుకున్నాడు. అంతవరకే గుర్తుంది.

"సారూ, లేవుండ్రి" అని అన్న నా భుజం కుదుపుతున్నాడు. "మూడు దాటింది. డ్యూటీ."